మొదట వెనుక వైపు చూడండి: కెంట్ గార్నెట్ బ్రూచ్ ముక్కపై ఒక కేస్ స్టడీ

ఇంగ్లండ్ ఆగ్నేయ మూలనున్న కెంట్‌లో, దున్నిన చేలలో మెటల్ డిటెక్టర్‌కు అప్పుడప్పుడూ ఒక రకం ముక్క తగులుతుంది. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. ఒక పక్క గుండ్రటి అంచు, మిగతా పక్కలు విరిగినవి. మధ్యలో పైన వెడల్పుగా, కిందికి సన్నగా ఉండే ఒక గూడు, అందులో గార్నెట్ అనే ఎర్రరాయి. రాయి పడిపోతే మట్టి నిండిన గూడు మాత్రమే ఉంటుంది. గూడు పక్కన చెక్కుడు గీతలు, వాటి పల్లాల్లో బంగారు మెరుపు. ఇది ఆరో శతాబ్దపు ఆంగ్లో-సాక్సన్ (తొలి ఇంగ్లీషు జాతుల) స్త్రీ దుస్తులకు సూదితో గుచ్చి పెట్టుకున్న వెండి బ్రూచ్‌లో సుమారు పావు వంతు. గూడు ఆకారం కమాను నడినెత్తిన బిగించే రాయిలా ఉంటుంది కాబట్టి వీటిని కీస్టోన్ గార్నెట్ డిస్క్ బ్రూచ్‌లు అంటారు.

ఈ కేసు ఏదో ఒక్క మ్యూజియం నంబరుకు చెందినది కాదు. ఇలాంటి పావు ముక్కను నమూనాగా పెట్టుకుని, అది మట్టిలోంచి లేచినప్పటి నుంచి రికార్డు పూర్తయ్యేదాకా ఏ వరసలో పని చేయాలి, ఎక్కడ చెడిపోతుంది, ఎందుకు చెడిపోతుంది అన్నది ఇక్కడ వివరిస్తున్నాం. లెక్క చూపడానికి వాడిన కొలతలు కూడా నమూనావే. చెప్పదలచిన ముఖ్య విషయం ఒకటే. అందరి కళ్లూ ఎర్రరాయి మీద, బంగారు పూత మీద పడతాయి. ముక్క గురించి వేరే చోట దొరకని సమాచారం మాత్రం వెనుక వైపునా, విరిగిన అంచుల్లోనూ ఉంటుంది. తొందరపడి తోమితే మొట్టమొదట పోయేది కూడా అదే.

మొత్తం వస్తువు ఎలా ఉండేది

ముక్కను అర్థం చేసుకోవాలంటే పూర్తి బ్రూచ్ మనసులో ఉండాలి. చాలావాటి వ్యాసం 3 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఎక్కువగా వెండి, కొన్ని రాగి మిశ్రమం. అచ్చులో పోత పోసినవి. కీస్టోన్ గూళ్లు పోతలోనే వచ్చేస్తాయి, సాధారణంగా మూడు లేదా నాలుగు. వాటి మధ్య ఖాళీల్లో జంతువుల అవయవాలను విడదీసి పేర్చినట్టుండే అలంకారం. దీన్నే స్వీడన్ పండితుడు బెర్న్‌హార్డ్ సాలిన్ 1904లో స్టైల్ 1 అని వర్గీకరించాడు. నడిమధ్యన తెల్లటి బొడిపె, శంఖం లాంటి గుల్లతోనో ఎముకతోనో చేసింది. దాని నెత్తిన తరచుగా ఇంకో చిన్న గార్నెట్. బయటి అంచున వెండిని అలాగే వదిలేసి, దానిలో నీయెల్లో అనే నల్లని వెండి సల్ఫైడ్ ముద్దతో త్రిభుజాలు పొదుగుతారు. మిగతా ముఖమంతా బంగారు మలాము. వెనుక సూది తిరిగే చెవి, సూది కొన ఆనే కొక్కెం. సూది, స్ప్రింగు ఇనుముతో చేసి ఉంటే ఆ చోట తుప్పు ముద్ద ఉంటుంది.

కాబట్టి పావు ముక్కలో ఏడెనిమిది పదార్థాలు ఉండవచ్చు: వెండి, బంగారం, పాదరసం జాడ, వెండి సల్ఫైడ్, గార్నెట్, రేకు, రేకు కింది ముద్ద, ఇనుప తుప్పు. ఒకదానికి పనికొచ్చే శుభ్రత ఇంకొకదాన్ని చంపేస్తుంది.

పొలంలో

దొరికిన చోటే సగం విలువ. కెంట్ చరిత్రే దీనికి సాక్ష్యం. ఫావర్‌షామ్ దగ్గర కింగ్స్ ఫీల్డ్ అనే ఆంగ్లో-సాక్సన్ శ్మశాన స్థలంలో పందొమ్మిదో శతాబ్దంలో రైలు మార్గం పనుల్లో, ఇటుక మట్టి తవ్వకాల్లో అద్భుతమైన బ్రూచ్‌లు కుప్పలుగా బయటపడ్డాయి. స్థానికుడు విలియం గిబ్స్ వాటిని సేకరించి దేశానికి రాసిచ్చాడు. కానీ ఏది ఏ సమాధిలోది, దేని పక్కన ఏముంది అన్నది చాలావరకు పోయింది. అదే కెంట్‌లో, దానికి ముందే, 1771 ఆగస్టు 5న బ్రయాన్ ఫాసెట్ తవ్వకంలో కింగ్‌స్టన్ డౌన్ దగ్గర దొరికిన బంగారు బ్రూచ్‌కు ఆయన దినచర్య పుస్తకంలో సమాధి సంఖ్య 205 అని రాసి ఉంది, పక్కనున్న వస్తువుల వివరం కూడా ఉంది. రెండు వందల యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ సమాధి గురించి మాట్లాడగలుగుతున్నామంటే ఆ దినచర్య పుస్తకమే కారణం.

పొలంలో చేయాల్సింది కొంచెమే. బ్రిటన్ పటాల్లో వాడే జాతీయ గ్రిడ్‌లో కనీసం ఎనిమిది అంకెల స్థానం రాయాలి, అంటే 10 మీటర్ల చదరం. పది అంకెలైతే ఒక మీటరు చదరం. మామూలు చేతి జీపీఎస్‌కు కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి పది అంకెలు రాసినా పరికరం ఏదో పక్కన రాయాలి. లోతు, నేల సున్నమా బంకమన్నా, ఆ ఏడు ఎంత లోతు దున్నారు అన్నవి ఒక్కొక్క మాటలో రాస్తే సరిపోతాయి. ముక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా సంచిలో వేయాలి. వేళ్లతో రుద్దడం, ఉమ్మి తడి చేయడం, జేబు గుడ్డతో తుడవడం వద్దు. రాయి వదులుగా ఉంటే మట్టే దాన్ని పట్టి ఉంచుతుంది.

గుంట అడుగున దున్నుడు పొర దాటి ఎముకో, నల్లటి సమాధి మట్టో కనిపిస్తే అక్కడే ఆపేయాలి. కెంట్ సున్నపు నేలల్లో సమాధులు లోతు తక్కువ. నాగలికి అందిన ముక్క పైది, మిగతాది కింద కదలకుండా ఉండవచ్చు. దాన్ని తీయాల్సింది పురావస్తు బృందం. మనిషి ఎముకలు ఉంటే పోలీసులకు చెప్పాలి, తవ్వి తీయడానికి వేరే లైసెన్సు కావాలి.

టేబుల్ మీద: వెనుక నుంచి మొదలు

మొదట బరువు 0.01 గ్రాము వరకు, తర్వాత ఫొటోలు. ముందు, వెనుక, ప్రతి విరిగిన అంచు విడివిడిగా, పక్క నుంచి ఒకటి. పక్క నుంచి తీసినది చాలామంది మర్చిపోతారు. ముక్క చదునుగా ఉందా, నాగలి దెబ్బకు వంగిందా అన్నది అందులోనే తెలుస్తుంది. తర్వాత వచ్చే వ్యాసం లెక్క మొత్తం దానిపైనే ఆధారపడుతుంది. వెలుతురు ఒక పక్క నుంచి వాలుగా పడేలా పెట్టాలి, నేరుగా పడితే గీతలు కనిపించవు.

ఆ తర్వాత ముక్కను బోర్లా వేసి, 10 నుంచి 40 రెట్ల మైక్రోస్కోపు కింద వెనుక వైపు చూడాలి. ఇక్కడ వెతికేవి ఇవి.

సూది చెవి లేదా కొక్కెం మొదలు. పోతలోనే వచ్చిందా, టంకం పెట్టి అతికించిందా అన్నది అడుగున తెలుస్తుంది. టంకం అయితే చుట్టూ వేరే రంగు లోహం అంచు కట్టి ఉంటుంది. రెండు చెవుల జాడ ఉండి ఒకటి అరిగిపోయి ఉంటే, సూది మార్చి మళ్లీ వాడారని అర్థం. ఇలాంటి మరమ్మతుకు ఎంత విలువుందో నార్విచ్‌కు దక్షిణాన హార్ఫర్డ్ ఫాం శ్మశానంలో 1990లో దొరికిన బంగారు, గార్నెట్ బ్రూచ్ చెబుతుంది. దాని వెనుక రూన్ అనే పాత జర్మానిక్ లిపిలో, లూడా ఈ బ్రూచ్‌ను బాగుచేశాడు అని గీసి ఉంది. ముందు వైపు మాత్రమే చూసి ఉంటే ఆ పనివాడి పేరు మనకు దక్కేది కాదు.

తుప్పు ముద్ద రెండోది. సూది ఇనుముదైతే దాని తుప్పు పక్కనున్న బట్ట పోగుల్లోకి ఇంకి, పోగు కుళ్లిపోయినా దాని ఆకారాన్ని ఖనిజంగా నిలిపి ఉంచుతుంది. గోధుమ రంగు ముద్దలో సన్నని గళ్లు కనిపిస్తే అది నేత. సాదా నేతా, రెండు మీద రెండు పోయే ఏటవాలు నేత, అంటే ట్విల్లా, సెంటీమీటరుకు ఎన్ని పోగులు, పురి ఎటు తిరిగింది రాసుకోవాలి. ఈ బ్రూచ్ ఏ బట్టకు పెట్టారో చెప్పే ఆధారం ఇదొక్కటే. వికారంగా ఉంది కదా అని తుప్పును గీకేస్తే ఆ బట్ట శాశ్వతంగా పోతుంది. ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే నష్టం ఇదే, అన్నిటికంటే బాధపెట్టేది కూడా ఇదే.

మూడోది అరుగుదల. కొక్కెం లోపలి అంచు నునుపుగా అరిగి ఉంటే ఏళ్ల తరబడి సూది రాసుకుందని తెలుస్తుంది. ముందు వైపు బంగారం ఎత్తు గీతల మీద పోయి పల్లాల్లో మిగిలి ఉంటే అదీ వాడకమే. అయితే నాగలి మట్టి రాపిడి కూడా బంగారం పోగొడుతుంది. మట్టి రాపిడి గీతలు అడ్డదిడ్డంగా, పదునుగా ఉంటాయి. బట్ట రాపిడి నున్నగా, ముక్క అంతటా ఒకేలా ఉంటుంది.

విరుపు ఎప్పటిది

ప్రతి విరిగిన అంచునూ వేరువేరుగా చదవాలి. ఒకే ముక్కకు మూడు అంచులుంటే మూడూ మూడు కాలాలవి కావచ్చు.

కొత్త విరుపు లోపలి లోహం తెల్లగా, గింజ గింజగా మెరుస్తుంది. మట్టి అంటుకున్నా పొర కట్టదు. పాత విరుపు మీద ముఖం మీదున్న పొరే ఉంటుంది, అదే రంగు, అదే మందం. వెండి మీద ఈ పొర చాలాసార్లు బూడిద, ఊదా కలిసిన రంగులో మైనంలా మెత్తగా ఉండే వెండి క్లోరైడ్. దాన్ని మట్టి అనుకుని గీకేవాళ్లున్నారు. మధ్యరకం కూడా ఉంది: పలచని గోధుమ పొర, కానీ ముఖం మీదున్నంత మందం లేదు. ఇది కొన్ని దశాబ్దాల కిందటి నాగలి దెబ్బ కావచ్చు. అలాంటి అంచు కనిపిస్తే మిగతా ముక్క అదే చేలో ఉండే అవకాశం ఎక్కువ.

నేలలో వందల ఏళ్లు ఉన్న వెండి పెళుసెక్కుతుంది. అందులోని రాగి మెల్లగా కరిగిపోయి గింజల మధ్య పగుళ్లు వస్తాయి. అందుకే ఇవి వంగకుండా పుటుక్కున విరుగుతాయి. పాత విరుపు పక్కనే లోహం సాగినట్టు, వంగినట్టు ఉంటే మాత్రం ఆలోచించాలి. లోహం ఇంకా మెత్తగా ఉన్న రోజుల్లోనే, అంటే వాడకంలో ఉన్నప్పుడో, పూడ్చే ముందో విరిచారన్నమాట. వంపు లోపలి వైపు ముడతలు, బయటి వైపు చిన్న చీలికలు దానికి గుర్తులు.

ఉలితో కోసిన అంచు ఇంకోలా ఉంటుంది. ఒక ముఖం నుంచి వాలుగా, నునుపుగా దిగి, చివర కొంచెం మాత్రం చింపినట్టు ఉంటుంది. దీనిపై పాత పొర ఉంటే బ్రూచ్‌ను తుక్కు వెండిగా కోశారని చెప్పవచ్చు. గుండ్రంగా కరిగిన అంచు, లోపల నుంచి పగుళ్లు బారిన గార్నెట్, బుడగలు తేలిన ఉపరితలం ఉంటే నిప్పు తగిలింది. తూర్పు ఆంగ్లియాలోని స్పాంగ్ హిల్ లాంటి దహన శ్మశానంలో ఇది మామూలు. అక్కడ 1972 నుంచి 1981 వరకు జరిగిన తవ్వకాల్లో రెండు వేలకు పైగా దహన సమాధులు బయటపడ్డాయి. ఆరో శతాబ్దపు కెంట్‌లో పూడ్చడమే ప్రధానం కాబట్టి అక్కడ కరిగిన ముక్క వస్తే అది కంసాలి తుక్కు కావచ్చన్న మాటను కూడా ఆలోచించాలి.

తీర్పు రాసేటప్పుడు ‘విరిగింది’ అని ఒక్క మాటతో వదిలేయకూడదు. ఎడమ అంచు పాతది, కుడి అంచు కొత్తది, లోపలి అంచు బొడిపె గూడు దగ్గర పాతది అని దిక్కుతో సహా రాయాలి. ఆ దిక్కులు ముందు వైపు నుంచి చూస్తేనా, వెనుక నుంచి చూస్తేనా అన్నదీ రాయాలి.

పావు ముక్క నుంచి పూర్తి వ్యాసం

బయటి అంచు కొంచెం మిగిలినా చాలు. అంచు మీద రెండు బిందువులు తీసుకుని వాటి మధ్య సరళరేఖ దూరం కొలవాలి. ఆ రేఖ మధ్య నుంచి వంపు దాకా ఎత్తు కొలవాలి. రేఖ పొడవు వర్గాన్ని, ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, దానికి ఎత్తులో సగం కలిపితే వ్యాసార్ధం వస్తుంది.

రేఖ 24 మి.మీ., ఎత్తు 4.5 మి.మీ. అనుకుందాం. 24 వర్గం 576. 4.5కు ఎనిమిది రెట్లు 36. భాగిస్తే 16. ఎత్తులో సగం 2.25 కలిపితే 18.25. వ్యాసం 36.5 మి.మీ. ఇప్పుడు ఎత్తు కొలవడంలో 0.3 మి.మీ. తప్పు జరిగితే ఏమవుతుందో చూడాలి. 4.2 అయితే వ్యాసం సుమారు 38.5, 4.8 అయితే 34.8. అంటే 0.3 మిల్లీమీటరు పొరపాటుకే వ్యాసం రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి రికార్డులో 36.5 అని కాకుండా సుమారు 35 నుంచి 38 అని రాయడమే నిజాయితీ. అంచు మిగిలింది 12 మి.మీ. కంటే తక్కువైతే ఈ లెక్కను నమ్మవద్దు. ముక్క వంగి ఉంటే అసలే వద్దు. చదునైపోయిన వంపు వ్యాసాన్ని పెంచి చూపిస్తుంది.

అంచు లేకపోతే కీస్టోన్ గూడు పక్క గోడలను వాడవచ్చు. అవి కిందికి దగ్గరవుతూ బ్రూచ్ కేంద్రం వైపు చూస్తాయి. పెద్దది చేసిన ఫొటో మీద స్కేలు పెట్టి రెండు గోడలనూ పొడిగిస్తే కలిసే చోటు కేంద్రానికి దగ్గర. పనివాడు ప్రతిసారీ కచ్చితంగా కేంద్రం వైపే తిప్పలేదు కాబట్టి ఇది ఉజ్జాయింపు. దీని అసలు ఉపయోగం గూళ్ల లెక్కలో ఉంది. ఒక పూర్తి గూడు, పక్కదాని అంచు కొంచెం మిగిలితే, కేంద్రం దగ్గర వాటి మధ్య కోణం కొలవాలి. 90 డిగ్రీల దగ్గర వస్తే నాలుగు గూళ్లు, 120 దగ్గర వస్తే మూడు.

గూడు లోపల

గార్నెట్ మందం సుమారు ఒక మిల్లీమీటరు. అంత పలచని రాయి వెనుక ఏమీ లేకపోతే నల్లగా కనిపిస్తుంది. అందుకే కింద బంగారు రేకో, మలాము వేసిన వెండి రేకో పెట్టారు. మన కుందనం పనిలో రాయి కింద రేకు పెట్టినట్టే. కానీ ఇక్కడ రేకు నున్నగా ఉండదు. అచ్చుతో నొక్కిన సన్నని గళ్లుంటాయి, వాటి వాలు ముఖాలు వెలుగును అన్ని వైపులకూ తిప్పి రాయి గుండా వెనక్కి పంపుతాయి. మిల్లీమీటరుకు రెండు నుంచి నాలుగు గీతలు మామూలు. సాదా గళ్లు ఒక రకం, చిన్న గళ్లను పెద్ద చదరాలుగా కట్టినది ఇంకో రకం. రిచర్డ్ అవెంట్, డేవిడ్ లీ కలిసి 1977లో ఈ రేకుల గళ్లను కొలిచి పోల్చారు. ఆ తర్వాత నుంచి గీతల దూరం రాయడం రికార్డులో భాగమైంది. రాయి స్పష్టంగా ఉంటే దాని గుండానే రేకును చూసి, పది గీతలకు కొలిచి పదితో భాగించాలి. ఒక్క గీత కొలిస్తే తప్పు ఎక్కువ.

రాయి పోయిన గూడు కూడా పనికిరానిది కాదు. అడుగున నలిగిన రేకు చిన్న ముడతగా ఉండవచ్చు, మట్టితో కలిపి ఊడ్చేయకుండా ఉంటేనే. రేకు కింద ముద్ద ఉంటుంది. ఈ కాలపు పొదుగుల ముద్దల్లో కాల్సైట్, క్వార్ట్జ్ పొడి, తేనెమైనం లాంటివి పరీక్షల్లో తేలాయి. అందుకే గూళ్ల దగ్గర నీళ్లు, ఆల్కహాల్, అసిటోన్ ఏవీ వాడకూడదు. మైనం, బంక కరిగితే రాయి ఊడుతుంది, పరీక్షించాల్సిన పదార్థమూ పోతుంది.

రాయి గార్నెట్టా, గాజా? భూతద్దంలో గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే గాజు. గార్నెట్‌లో సూదుల్లాంటి రూటైల్, వేరే ఖనిజాల గింజలు కనిపిస్తాయి. గాజు ఉపరితలం నేలలో పొరలు పొరలుగా రేగి ఇంద్రధనుస్సు రంగు చూపుతుంది, గార్నెట్ అలా కాదు. గీత పెట్టి గట్టిదనం చూసే పరీక్ష ఇక్కడ నిషేధం.

ఈ రాళ్లు ఎక్కడివన్న ప్రశ్న తెలుగువారికి దగ్గరది. ఆరో శతాబ్దపు పశ్చిమ ఐరోపా నగల్లోని ఆల్మండైన్ (ఇనుము ఎక్కువగా ఉండే రకం) గార్నెట్‌లలో చాలావాటి రసాయన కూర్పు భారతదేశం వైపు చూపిస్తుంది. తెలంగాణలో ఖమ్మం దగ్గర గరీబ్‌పేట గుట్ట నుంచి వచ్చిన ఆల్మండైన్ పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడు పూసలతో సరిపోయిందని 2017లో, తొలి బైజాంటిన్ కాలపు చెక్కుడు రాయి ఒకటి అదే గుట్టదని 2018లో పరిశోధకులు చూపించారు. అంటే మన నేల గార్నెట్ సముద్రం మీదుగా మధ్యధరా దాకా వెళ్లిందనడానికి గట్టి ఆధారం ఉంది. కానీ కెంట్ ముక్క చేతిలో పట్టుకుని ఇది ఖమ్మం రాయి అని రాయడానికి అది చాలదు. సంబరంగా అనిపించినా ఆగాలి. మూలం తేలాలంటే రాయిలో చిక్కుకున్న ఖనిజాలు, మెగ్నీషియం, కాల్షియం, మాంగనీసు పాళ్లు, అతి తక్కువ పాళ్లలో ఉండే మూలకాలు అన్నీ ప్రయోగశాలలో కలవాలి. చేతిలో పట్టే ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే పరికరం) గాలిలో మెగ్నీషియాన్ని సరిగా పట్టలేదు. రికార్డులో ‘ఆల్మండైన్ రకం గార్నెట్ కావచ్చు’ వరకే.

లోహం పరీక్ష, చట్టం

ఎక్స్‌ఆర్‌ఎఫ్ పైపొరనే చదువుతుంది. నేలలో రాగి కరిగిపోయి పైపొరలో వెండి శాతం పెరిగి ఉంటుంది, ముందు వైపు మలాము వల్ల బంగారం కూడా కలుస్తుంది. కాబట్టి పూత లేని వెనుక వైపు రెండు మూడు చోట్ల, వీలైతే కొత్త విరుపు మీద చదవాలి. రెండు సంఖ్యలూ రాసి, ఏది ఎక్కడిదో చెప్పాలి. పాదరసం కనిపిస్తే బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, వేడి చేసి పాదరసాన్ని ఆవిరి చేశారని అర్థం. ఇది ఇప్పటి కరెంటు పూత కాదని చెబుతుంది. అంతవరకే. పద్దెనిమిదో శతాబ్దపు పూత బొత్తాల్లోనూ పాదరసం ఉంటుంది. వెండిలో కొంచెం బంగారం, సీసం జాడలు, రాగితో పాటు వచ్చిన జింకు, తగరం పాత తుక్కు కరిగించిన వెండికి సహజం. టంకంలో కాడ్మియం ఉంటే ఆ టంకం ఆధునికం.

ఇంగ్లండ్‌లో 1996 ట్రెజర్ చట్టం ప్రకారం 300 ఏళ్లు దాటి, బరువులో కనీసం 10 శాతం బంగారమో వెండో ఉన్న వస్తువు ట్రెజర్, అంటే చట్టం దృష్టిలో నిధి. ముక్క అయినా అంతే, పూర్తి వస్తువు కానక్కరలేదు. 14 రోజుల్లో ఆ ప్రాంత కరోనర్‌కు (మరణాలపైనా, ఇలాంటి నిధులపైనా విచారణ జరిపే అధికారికి) తెలియజేయాలి. ఆచరణలో, ప్రజలకు దొరికిన పాత వస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ తరఫున జిల్లాల్లో పనిచేసే ఫైండ్స్ లయజాన్ ఆఫీసర్‌కు ఇస్తే ఆ పని సాగుతుంది. రాగి మిశ్రమం మీద బంగారు మలాము ఉన్న కీస్టోన్ బ్రూచ్ 10 శాతం దాటదు కాబట్టి ఒంటరిగా ట్రెజర్ కాదు. కానీ ట్రెజర్ అయిన వస్తువుతో ఒకే చోట దొరికితే అదీ లెక్కలోకి వస్తుంది. 2023 జూలై చివరి నుంచి, 200 ఏళ్లు దాటిన లోహ వస్తువుకు అసాధారణ ప్రాముఖ్యం ఉంటే అది కూడా ట్రెజర్ కావచ్చు.

దేనితో పొరబడతారు

రోమన్ కాలపు ఎనామెల్ డిస్క్ బ్రూచ్‌తో. దానిలో ఎరుపు కరిగించి పోసినది, గూడు అడుగున రేకు ఉండదు. ఎగువ థేమ్స్ లోయ సాసర్ బ్రూచ్‌తో కూడా, దాని అంచు పళ్లెంలా పైకి లేస్తుంది, రాళ్లు మామూలుగా ఉండవు. రెండు సెంటీమీటర్ల బటన్ బ్రూచ్ మధ్యలో మనిషి ముఖం. ఇప్పటి ఫ్రాన్స్ వైపు ఉన్న ఫ్రాంకుల రోజెట్ బ్రూచ్ ముఖమంతా పూరేకుల్లా పేర్చిన గార్నెట్ రాళ్లే, మధ్య ఖాళీల్లో జంతు అలంకారం ఉండదు. కెంట్‌లో ఫ్రాంకుల సరుకు నిజంగానే వచ్చింది కాబట్టి ఈ చివరి తేడా ముఖ్యం. మన ముక్కలో గూడు పక్కన చెక్కుడు పల్లం కొంచెమైనా ఉంటే నిర్ణయం సులువు. పందొమ్మిదో శతాబ్దపు రాళ్ల బొత్తాం అనుకుని పెట్టెలో పడేసిన ముక్కలూ ఉన్నాయి. వెనుక సూది చెవి జాడ చూస్తే ఆ తప్పు జరగదు.

తేదీకి అవెంట్ 1975లో చేసిన వర్గీకరణ ఇంకా పునాది. గూళ్ల సంఖ్య, మధ్య అలంకారం, అంచు రకం దాని ప్రమాణాలు. పావు ముక్కలో ఈ మూడూ దొరకడం అరుదు. తరగతి సంఖ్య బలవంతంగా వేయకుండా, ఆరో శతాబ్దపు రెండో పాదం నుంచి ఆ శతాబ్దం చివరి వరకు అని వెడల్పుగా ఇవ్వడం మేలు. జంతు అలంకారంలో కన్ను, తొడ లాంటి ఒక అవయవం స్పష్టంగా గుర్తుపట్టగలిగితే, డోవర్ బక్లాండ్ లాంటి బాగా తవ్విన శ్మశానాల నమూనాలతో పోల్చి కాస్త కుదించవచ్చు.

శుభ్రం చేయడం, దాచడం

ముందు ఎక్స్‌రే. తుప్పు లోపల సూది ఇరుసు, కనిపించని పగుళ్లు అందులో తేలతాయి. తర్వాత మైక్రోస్కోపు కింద, సన్నని చెక్క పుల్లతో, పొడిగా, కనిపించాల్సిన చోట మాత్రమే మట్టి తీయాలి. తుప్పు ముద్దను అలాగే వదలాలి.

నీయెల్లో గురించి గట్టిగా చెప్పాలి. అది వెండి సల్ఫైడ్. వెండి మీద పట్టే నల్లదనమూ వెండి సల్ఫైడే. నగల దుకాణంలో దొరికే వెండి ద్రావకానికి ఈ రెండింటికీ తేడా తెలియదు. ముంచితే అంచు త్రిభుజాల్లో నలుపు తినేసి ఖాళీ గుంటలు మిగులుతాయి. అల్ట్రాసోనిక్ తొట్టెలో వేస్తే పెళుసు వెండి పగులుతుంది, రాళ్లు రాలతాయి. గాజు పీచు బ్రష్ బంగారు మలామును గీకేస్తుంది. నిమ్మరసం, చింతపండు, టూత్‌పేస్ట్ మాట ఎత్తనే వద్దు.

దాచడానికి పాలిథిలిన్ పెట్టె, ఆమ్లం లేని కాగితం, ముక్క ఆకారానికి కోసిన పాలిథిలిన్ ఫోమ్, సిలికా జెల్. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, వెల్వెట్ డబ్బీ గంధకాన్ని వదులుతాయి, వెండి నల్లబడుతుంది. రాగి ఎక్కువున్న ముక్కలో లేత పచ్చని పొడి చుక్కలు తేలితే క్లోరైడ్ వ్యాధి మొదలైనట్టే. వెంటనే పొడి వాతావరణంలోకి మార్చి కన్సర్వేటర్‌కు (సంరక్షణ నిపుణుడికి) చూపాలి. వెనుక ఇనుప తుప్పు ఉంటే ఇంకా పొడిగా ఉంచడం అవసరం.

రికార్డు, రెండో ముక్క

రికార్డు మొదటి వాక్యమే పని చేయాలి. ఇలా రాయవచ్చు: ‘కెంట్ రకం కీస్టోన్ గార్నెట్ డిస్క్ బ్రూచ్, అసంపూర్ణం, సుమారు పావు భాగం. పోత వెండి, ముందు వైపు పాదరస మలాము. ఒక కీస్టోన్ గూడు, గార్నెట్‌తో, కింద గళ్ల రేకు. బయటి అంచున నీయెల్లో త్రిభుజాలు. ముందు నుంచి చూస్తే ఎడమ విరుపు పాతది, కుడిది కొత్తది. వెనుక సూది చెవి మొదలు, ఇనుప తుప్పు, అందులో ఖనిజమైన నేత. అంచు నుంచి లెక్కించిన అసలు వ్యాసం 35 నుంచి 38 మి.మీ.’ ఆ తర్వాత ముక్క సొంత కొలతలు, బరువు, తేదీ, స్థానం. చూసినదీ ఊహించినదీ ఒకే వాక్యంలో కలపకూడదు.

నాగలి ఏటేటా ముక్కలను లాక్కుపోతుంది. కాబట్టి అదే చేలో, పక్క చేలో ముందు దొరికిన వాటి రికార్డులు వెతకాలి. కనుగొన్నవారు వేరు, సంవత్సరం వేరు కావచ్చు. సరిపోయేలా ఉన్న ముక్క కనిపిస్తే మొదట కాగితం మీద కలపాలి. వ్యాసం, గూళ్ల కోణం, రేకు గీతల దూరం, అంచు త్రిభుజాల సంఖ్య కలవాలి. ఆ తర్వాతే రెండింటినీ ఒక టేబుల్ మీదికి తెచ్చి, మైక్రోస్కోపు కింద విరుపు గింజలు ఎదురెదురుగా పెట్టి చూడాలి. విరుపు అంచులను ఒకదానికొకటి గట్టిగా ఒత్తకూడదు. పెళుసు గింజలు రాలితే కలయికకు ఉన్న సాక్ష్యమే పోతుంది. కలిసిందని తేలినా వెంటనే అతికించనక్కరలేదు. ఇద్దరు యజమానులుంటే ఎవరి ముక్క వారిది, రెండు రికార్డులకూ ఒకదాని నంబరు మరొకదానిలో వేస్తే చాలు. ఒకే మ్యూజియంకు చేరాక ప్రదర్శనకు కలపాల్సి వస్తే, అసిటోన్‌తో మళ్లీ విప్పగలిగే పారాలాయిడ్ బి-72 అనే జిగురు వాడాలి. అది కూడా గూళ్లకు, తుప్పుకు దూరంగా, కొత్త విరుపు మీద మాత్రమే.